తల తిరిగే నవల చేతికొస్తే ఏం చేయాలి

మూడేళ్ళ కింద ఒక ఆదివారం, ఆబిడ్స్‌లో మూసి ఉన్న దుకాణాల ముందు పరిచిన పుస్తకాల్లోంచి ఒక అనువాద నవల ఏరుకున్నాను. 80 రూపాయలు. 'కథనంలో సాహసోపేతమైన ప్రయోగం' అని అట్ట వెనక రాసి ఉంది. 112వ పేజీ దాకా ఎలాగో లాక్కొచ్చాను. ఆ పేజీ చివర ఒక తల్లి దీపం ఆర్పి గడప మీద కూర్చుంటుంది. పేజీ తిప్పితే, అంతకుముందు చదివేసిన ఉత్తరం ఘట్టం మళ్ళీ మొదలైంది. అక్షరం పొల్లుపోలేదు. 16 పేజీల పాటు అదే ఉత్తరం, అదే గొడవ, అదే తల్లి, మళ్ళీ దీపం ఆర్పటం. ఆ తరవాత కథ ఎక్కడికో ఎగిరిపోయింది. అప్పటిదాకా పేజీ పేజీకీ కాళ్ళకు అడ్డం పడుతున్న తమ్ముడి ఊసు ఇక ఎవరూ ఎత్తరు.

నేను పరవశించిపోయాను. నోట్‌బుక్కులో నాలుగు పేజీలు రాశాను. దుఃఖం మనిషి చేత ఒకే రోజును రెండుసార్లు బతికిస్తుందనీ, తమ్ముణ్ణి మరిచిపోవటానికే ఇల్లంతా ఆ ఉత్తరాన్ని మళ్ళీ చదువుకుంటోందనీ. నెలకోసారి చిక్కడపల్లిలో ఒక మిత్రుడింట్లో కూర్చునే మా ఆరుగురి ముందు దాన్ని గొంతు సవరించుకుని మరీ చదివాను. అంతా విన్నాక మాలో ఉన్న ఒక రిటైర్డు లెక్చరర్ గారు, చాలా మర్యాదగా, "బాబూ, నా పుస్తకంలో 112 తరవాత 113 ఉందే" అన్నారు.

బైండింగులో ఒక ఫారం, అంటే ఒకే పెద్ద కాగితాన్ని మడిస్తే వచ్చే పేజీల కట్ట, రెండుసార్లు పడింది. దాని తరవాతి ఫారం అసలు పడలేదు. తమ్ముడు ఆ పడని 16 పేజీల్లో జ్వరం వచ్చి పోయాడు.

ఆ రోజు పోయిన పరువులోంచి నాకో పద్ధతి వచ్చింది. అర్థం కాకపోవటానికి మూడు కారణాలుంటాయి. ప్రతిలో లోపం కావచ్చు, మన చదువులో లోపం కావచ్చు, లేదంటే రచయిత కావాలని చేసిన పని కావచ్చు. ఈ మూడింటినీ విడదీయకుండా 'అద్భుతం' అన్నా, 'చెత్త' అన్నా నా నాలుగు పేజీల వ్యాసం లాగే ఉంటుంది. విడదీయటం ఎలాగో చెబుతాను. పెన్సిలొకటి దగ్గర పెట్టుకోండి.

ముందు పేజీలు చూసుకోండి

పుస్తకం ఫారాల లెక్కన అచ్చవుతుంది. మామూలు డెమ్మీ సైజు నవలలో సాధారణంగా ఫారానికి 16 పేజీలు. కాబట్టి తేడా వస్తే అతుకుల దగ్గరే వస్తుంది. 16, 32, 48, 64, 80, 96, 112, ఇలా వెళ్తూ ప్రతిచోటా తరవాతి నంబరు సరిగా ఉందో లేదో చూడండి. రెండు నిమిషాల పని. మొత్తం పేజీలు లెక్కపెడితే చాలదు. నా ప్రతిలో 16 ఎక్కువ, 16 తక్కువ. లెక్క అచ్చంగా సరిపోయింది!

నాది మరీ అంత తెలివితక్కువ పొరపాటు కాదని సమర్థించుకోవటానికి నా దగ్గర ఒక ఆధారం ఉంది. ఇంగ్లండు రచయిత బి.ఎస్. జాన్సన్ 1969లో 'ది అన్‌ఫార్చునేట్స్' అనే నవలను కుట్టకుండా, 27 విడి భాగాలుగా పెట్టెలో పెట్టించాడు. మొదటి భాగమేదో, చివరిదేదో మాత్రం గుర్తు వేసి ఉంటుంది. మధ్యలో ఉన్న 25 భాగాలూ మీరు ఎలా పేర్చుకుంటే అలా. అర్జెంటీనా రచయిత హూలియో కొర్తాసర్ 1963లో రాసిన నవలకైతే 'రయుఎలా' అనే పేరు పెట్టాడు. అంటే మన తొక్కుడుబిళ్ళే. అందులో 155 అధ్యాయాలు. మొదట్లోనే ఒక పట్టిక ఇచ్చాడు. 1 నుంచి 56 దాకా వరసగా చదివి పుస్తకం మూసేయొచ్చు, లేదా 73తో మొదలుపెట్టి పట్టికలో చెప్పినట్టు గడి నుంచి గడికి గెంతొచ్చు. గెంతే దారిలో 55వ అధ్యాయం అసలు తగలదు. చివరికి 58కీ 131కీ మధ్య తిరుగుతూ ఉండిపోతారు. సెకండ్‌హ్యాండ్ ప్రతిలో ఆ పట్టిక ఉన్న కాగితమే చిరిగిపోయిందనుకోండి, మీ బిళ్ళ ఏ గడిలో పడుతుంది?

అందుకని ముందు కాగితాలు తిప్పేయకండి. విషయసూచిక, పాఠకుడికి సూచనలాంటివి ఉంటే చదవండి. ముందుమాటలు మాత్రం వదిలేయండి. మన తెలుగు పుస్తకాల ముందుమాటలకు కథంతా చెప్పేసి, రచయిత వంశాన్ని కూడా పొగిడే జబ్బు ఉంది. అవి ఆఖరున చదివితే పనికొస్తాయి.

పుస్తకం పేరు దగ్గర కూడా ఒక నిమిషం ఆగండి. నవీన్ గారు ఉస్మానియా క్యాంపస్ మీద రాసిన నవలకు 'అంపశయ్య' అని పేరెందుకు పెట్టారు? భీష్ముడు బాణాల మీద పడుకుని రోజులు లెక్కపెట్టుకున్నాడు. కదలకుండా ఉన్న మనిషి, లోపలికి దిగిన ములుకులు, గడవని కాలం. మొదటి పేజీ తిప్పకముందే ఆ నవలను ఎలా చదవాలో సగం చెప్పేశారు.

ఒక్క బిగిన చదవండి

రాత్రి పడుకునే ముందు ఐదేసి పేజీలు చదివితే ఏ నవలైనా ప్రయోగాత్మకంగానే ఉంటుంది. నిన్న 'అతను' ఎవరో ఇవాళ గుర్తుండదు. అది రచయిత గొప్పతనం కాదు, మన నిద్రమత్తు.

నేను చేసేది చెబుతాను. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో ఎర్ర లైను 29 కిలోమీటర్లు, 27 స్టేషన్లు. ఆదివారం పొద్దున్నే ఎక్కితే సీటు దొరుకుతుంది. ఫోను సంచి అడుగున పడేస్తాను. పోయేటప్పుడు పెన్సిల్ తీయను, వెనక పేజీలు తిప్పను, ఏదీ సరిచూసుకోను. వాన నీళ్ళలో నడిచినట్టు, అడుగు ఎక్కడ పడుతుందో తెలియకపోయినా సరే, ముందుకే. అటు చివర దిగి చాయ్ తాగి, టికెట్టు కొనుక్కుని తిరిగి ఎక్కుతాను. వచ్చేటప్పుడు అవే పేజీలు, ఈసారి పెన్సిల్‌తో. మొదటి సారి చదివినప్పుడు తెలియనివాటిలో సగం రెండోసారికి వాటంతటవే తేలిపోతాయి. తేలనివే మనకు కావలసినవి.

మెట్రో లేకపోతే ఏమీ కాదు. ఇరానీ హోటల్లో గోడవారగా ఉండే బల్ల చాలు. కాకపోతే ఒక్క చాయ్‌కి గంటన్నర కూర్చోవటం ఈ రోజుల్లో మర్యాద కాదు, మధ్యలో ఉస్మానియా బిస్కట్లు కూడా చెప్పండి.

మూడు అక్షరాలు

అర్థం కాని ప్రతిచోటా అడ్డగీత కొట్టి వదిలేస్తే లాభం లేదు. ఏం అర్థం కాలేదో రాయాలి. నేను మార్జిన్‌లో మూడే అక్షరాలు వాడతాను. ఎవరో తెలియకపోతే 'వ'. ఎప్పుడో తెలియకపోతే 'ప'. ఎందుకిలా రాశాడో తెలియకపోతే 'ద'. లైబ్రరీ పుస్తకమైతే చీటీ మీద పేజీ నంబరు వేసి రాసుకోండి. అఫ్జల్‌గంజ్ కేంద్ర గ్రంథాలయం 1891 నుంచి ఉంది, మీ పెన్సిల్ గీతలతో దానికి అవసరం లేదు.

60 పేజీలయ్యాక లెక్కపెట్టండి. 'వ'లు ఎక్కువుంటే చిక్కు గొంతులది. 'ప'లు ఎక్కువుంటే కాలానిది. 'ద'లు ఎన్నున్నా ఇప్పుడు ముట్టుకోకండి. అవి పుస్తకం పూర్తయ్యేదాకా తేలవు, ఒక్కోసారి అప్పుడూ తేలవు.

'వ' చిక్కు: క్రియ చివర చూడండి

మాట్లాడేదెవరో చెప్పకుండా పేజీలకు పేజీలు సంభాషణ నడిపే నవల తెలుగులోదైతే, అందులో మీకు తెలియకుండానే బోలెడు ఆధారాలుంటాయి. మన క్రియాపదం తోకలోనే సగం జాతకం ఉంటుంది. వచ్చాడు, వచ్చారు, వచ్చాను, వచ్చావు అంటే కర్త లేకపోయినా దొరికిపోతాడు. ఒక్క 'వచ్చింది' దగ్గరే ప్రమాదం. ఆడమనిషి వచ్చినా, ఆర్టీసీ బస్సు వచ్చినా, పిల్లి వచ్చినా, కోపం వచ్చినా అదే మాట. తెలివైన రచయిత అక్కడే గూడు కట్టుకుంటాడు.

ఈ ఐదు వాక్యాలు చూడండి. ఇవి ఏ పుస్తకంలోవీ కావు, పద్ధతి చూపించటానికి నేను రాసినవి.

— వచ్చిందా?
— ఇంకా రాలేదు.
— పొద్దుగాలనే చెప్పిన గదా.
— మీరు చెప్పారు మామయ్యగారూ, తనే వినదు.
— నాలుగో అంతస్తు అంటె మొయ్యనీకి బద్ధకం.

మొదట ఎవరెవరో తేల్చుకుందాం. 'మామయ్యగారూ', 'మీరు' అంటోంది కాబట్టి నాలుగో మాట కోడలిది అయ్యుండొచ్చు, అల్లుడైనా కావచ్చు. ప్రస్తుతానికి కోడలే అనుకుందాం. 'చెప్పిన గదా', 'మొయ్యనీకి' అన్నది తెలంగాణ మాట. 'చెప్పారు' అన్నది వేరే యాస. అంటే పెద్దాయన ఇక్కడివాడు, కోడలు కృష్ణా జిల్లా వైపు నుంచో ఎక్కడి నుంచో వచ్చింది. ఒకటి, మూడు, ఐదు ఆయనవి. రెండు, నాలుగు ఆమెవి. 'అన్నాడు, అంది' లేకుండానే తేలిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి. ఏది రాలేదు? కోడలు 'తనే వినదు' అంటోంది. ఆమె మనసులో ఉన్నది పనిమనిషి. మామగారు 'మొయ్యనీకి' అంటున్నాడు. ఆయన అడిగింది గ్యాస్ సిలిండరు. ఇద్దరూ ఒకే 'వచ్చిందా' పట్టుకుని రెండు వేరే లోకాల్లో మాట్లాడుకుంటున్నారు, ఇద్దరికీ ఆ సంగతి తెలీదు. ఇది చదివి మీకు అయోమయంగా అనిపిస్తే ఆ అయోమయం వాళ్ళదే. రచయిత మీకు కూడా కాస్త పంచాడు. ఇలాంటి చోట 'వ' పక్కన ఒక చుక్క పెట్టుకోండి. కావాలని చేసిన పని అని గుర్తు.

అనువాదమైతే ఈ సౌకర్యం పోతుంది. కొన్నిసార్లు తలకిందులవుతుంది కూడా. మూలభాషలో ఆడో మగో తెలియకుండా దాచిన మనిషిని తెలుగులోకి తెచ్చేటప్పుడు అనువాదకుడు చాలాసార్లు 'వచ్చాడు' అనో 'వచ్చింది' అనో అనాల్సి వస్తుంది. రచయిత 200 పేజీల దాకా దాచిన రహస్యాన్ని మన వ్యాకరణం మూడో వాక్యంలో బయటపెట్టేస్తుంది. 'నువ్వు', 'మీరు' విషయమూ అంతే. ఇంగ్లిషులో ఇద్దరికీ ఒకే మాట. వాళ్ళ సంబంధం ఏమిటో అనువాదకుడు తేల్చుకుని రాయాలి. కాబట్టి అనువాద నవలలో 'వ' చిక్కు వస్తే, రెండో ప్రతి ఏ భాషలోనైనా దొరుకుతుందేమో చూడండి.

కామాలూ ఫుల్‌స్టాప్‌లూ లేని పేజీలు వస్తే గట్టిగా చదవండి. తెలుగు వాక్యం సాధారణంగా క్రియతో ముగుస్తుంది కాబట్టి సమాపక క్రియ దగ్గర గొంతు దానంతటదే దిగుతుంది. అక్కడ పెన్సిల్‌తో చిన్న గీత పెట్టండి. తాటాకు ప్రతుల్లో మాటకూ మాటకూ మధ్య ఖాళీ కూడా ఉండేది కాదు, మన పూర్వులు అలాగే చదువుకున్నారు.

'ప' చిక్కు: మేకులు కొట్టుకోండి

మనసులో ఆలోచనలు ఎలా వస్తే అలాగే రాసుకుపోయే చైతన్య స్రవంతి నవలల్లో ఇదే పెద్ద బాధ. 'అంపశయ్య' 1969లో వచ్చింది. రవి అనే ఉస్మానియా విద్యార్థి ఒక్క రోజు గడపటమే నవలంతా. బయట గడియారం ఒక్క రోజే తిరుగుతుంది. లోపల మాత్రం ఊరు, బాల్యం, అవమానాలు, కోరికలు, అన్నీ వరస లేకుండా వచ్చి పోతుంటాయి.

ఇలాంటివాటికి కాగితం మధ్యలో నిలువు గీత గీయండి. ఎడమ వైపు బయట జరిగేవి: లేచాడు, మొహం కడిగాడు, ఎవరో పిలిచారు, ఎండ ముదిరింది. కుడి వైపు ఆ సమయంలో మనసు ఎక్కడికి పోయిందో. ఎడమవైపువన్నీ మేకులు. కుడివైపువి వాటికి తగిలించిన బట్టలు. గాలికి బట్టలు ఎంత ఎగిరినా మేకు కదలదు. పేజీలో మేకు కనిపించకపోతే కంగారు పడకండి, వచ్చేదాకా చదవండి. ఎక్కడో ఒక కప్పు కిందపెట్టిన చప్పుడు, ఒక తలుపు, ఒక గంట వస్తుంది. చాలామంది పాఠకులు వీటిని వర్ణన అనుకుని దాటేసి, తరవాత దారి తప్పామని ఏడుస్తారు.

రెండు మేకుల మధ్య మనసు దేన్ని పట్టుకుని జారిందో కూడా చూడండి. సబ్బు వాసన నుంచి అక్క పెళ్ళికి, అక్కడి నుంచి అప్పుకు, అప్పు నుంచి ఫీజుకు. ఆ జారుడు మెట్లు నాలుగు దొరికితే చాలు, పాత్ర దేనికి భయపడుతుందో మీకు తెలిసిపోతుంది.

కాలాన్ని ముందువెనకలు చేయటం మనకు కొత్తా కాదు. పింగళి సూరన 16వ శతాబ్దంలో రాసిన 'కళాపూర్ణోదయం'లో ముందు చూసిన సంగతులకు కారణాలు ఎప్పటికో గానీ తెలియవు. పరీక్ష కోసం దాని కథాసంగ్రహం బట్టీపట్టిన వాళ్ళను అడగండి.

రెండు దారాలు ఒకే పేజీలో ఉంటే

ఒకరి తరవాత ఒకరు కథ చెప్పే నవలకు అష్టావధానం చూసిన అలవాటు బాగా పనికొస్తుంది. అవధాని సమస్యకు ఒక పాదం చెప్పి దత్తపదికి వెళతాడు, అక్కడొక పాదం చెప్పి వర్ణనకు. పద్యం మొదటి ఆవృత్తిలో పూర్తి కాలేదని సభలో ఎవరూ లేచి వెళ్ళిపోరు. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవాడు అడ్డం తగులుతూనే ఉంటాడు. నాలుగో ఆవృత్తి దాకా ఓపిక పడితే ధారణలో, అంటే చెప్పినవన్నీ గుర్తుపెట్టుకుని అప్పజెప్పేటప్పుడు, అన్నీ వరసగా వస్తాయి. నవలలో ధారణ రచయిత చేయడు, అది మీ పని. అంత తేడా.

అందుకు రంగు పెన్సిళ్ళు కావాలి. సిగ్గుపడకండి. అమెరికన్ రచయిత ఫాక్నర్ తన 1929 నవల 'ది సౌండ్ అండ్ ది ఫ్యూరీ' మొదటి భాగంలో కాలం మారినప్పుడల్లా సిరా రంగు మార్చి అచ్చేస్తే బాగుండునని కోరుకున్నాడు. అప్పట్లో కుదరక వంకర అక్షరాలతో సరిపెట్టారు. లండన్‌లోని ఫోలియో సొసైటీ 2012లో నిజంగానే 14 రంగుల్లో వేసింది. రచయితే రంగులు అడిగాక మనం గీసుకుంటే తప్పేముంది? ఒక్కో మనిషికి ఒక్కో రంగు, మార్జిన్‌లో నిలువు గీత చాలు.

దీనికంటే మొండి రకం ఒకటుంది. ఇందాక చెప్పిన తొక్కుడుబిళ్ళ నవల 34వ అధ్యాయంలో ఒక వరస, ఒక స్త్రీ చదివే పాత నవలలోది. కింది వరస, ఆ నవలను చదువుతూ ఆమె ప్రియుడు అనుకునే మాటలు. మళ్ళీ పై నవల, మళ్ళీ అతను. తెలుగులో రాస్తే ఇలా ఉంటుంది, మాటలు నావే:

రైలు కాచిగూడలో ఆగేసరికి వాన
ఇలాంటివి ఎలా చదువుతావే తల్లీ,
తగ్గింది. కమల పెట్టె దించుకుని
అన్నం మాడుతున్నా తెలియకుండా,
ప్లాట్‌ఫారం మీద ఎవరి కోసమో
దీనికోసం నిన్న నాతో పోట్లాడి,
చూసింది. ఎవరూ రాలేదు.
నేను వచ్చినా తల ఎత్తలేదు.

వరసగా చదివితే పిచ్చి. బస్సు టికెట్టో, స్కేలో తీసుకుని ఒక వరస మూసి ఒక వరస చదవండి. రెండు కథలూ తేటగా వస్తాయి. అంతటితో ఆగిపోకండి. టికెట్టు తీసేసి మళ్ళీ కలిపి చదవండి. 'ఎవరూ రాలేదు' కింద 'నేను వచ్చినా' పడిందే, అది విడదీసి చదివినప్పుడు కనిపించదు. చాలామంది చిక్కు విప్పాక సంతోషంగా తరవాతి అధ్యాయానికి వెళ్ళిపోతారు. ముడి ఎందుకు వేశాడో ముడి మీదే ఉంటుంది. ఒకే పద్యంలో రామాయణ భారతాలు రెండూ చెప్పిన 'రాఘవపాండవీయం' కూడా సూరనదే. దాన్ని విరిచి అర్థం చెప్పటం ఒక పని, విరవకుండా విని ఆనందించటం ఇంకో పని.

ఏది లేదో వెతకండి

ఎంత చూసినా మనుషులు, కాలం అన్నీ అర్థమవుతూనే ఏదో తేడాగా ఉందనిపిస్తే, రచయిత తనకు తాను ఏదో నిషేధించుకున్నాడేమో చూడండి. మన భాషలో చెప్పాలంటే నిషిద్ధాక్షరి. ఫ్రెంచి రచయిత జార్జ్ పెరెక్ 1969లో, ఫ్రెంచిలో అన్నిటికంటే ఎక్కువగా వాడే 'e' అక్షరం ఒక్కసారి కూడా రాకుండా మొత్తం నవల రాశాడు. ఆ నవల పేరుకు అర్థం 'మాయమవటం'. గారడీ అని తీసిపారేయకండి. పెరెక్ తండ్రి 1940లో యుద్ధంలో పోయాడు. తల్లిని 1943లో నాజీలు ఆష్విట్జ్‌కు పంపారు, ఆమె తిరిగి రాలేదు. ఉండితీరాల్సినది లేకుండా వాక్యం నడపటం అంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదని చాలామంది విమర్శకులు ఆ నవలను అలా చదివారు.

మనకూ ఉంది. ఇక్కడే, పటాన్‌చెరులో. కుతుబ్‌షాహీల కాలంలో పొన్నగంటి తెలగన సంస్కృత తత్సమాలు వాడకుండా అచ్చ తెలుగులో 'యయాతి చరిత్ర' రాసి పటాన్‌చెరు అమీన్‌ఖాన్‌కు అంకితమిచ్చాడు. తెలుగులో తత్సమం ముట్టుకోకుండా ఒక పేరా రాసి చూడండి, ఎంత చుట్టు తిరగాలో తెలుస్తుంది. ఆ చుట్టు తిరగటమే చదువరి గమనించాల్సింది. నవలలో ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవటం లేదా? భూతకాల క్రియ లేదా? ఒక్క ప్రశ్న కూడా లేదా? లేనిదాన్ని కనిపెట్టారంటే, మీ 'ద'లలో కొన్ని ఒక్కసారిగా కొట్టేయొచ్చు.

వదిలేయటం

మూడో వంతు చదివాక కూడా మార్జిన్‌లో ఒక్క చుక్కా పడకపోతే, అంటే కావాలని చేసినట్టు తోచిన చోటు ఒక్కటీ లేకపోతే, మూసేయండి. పరువు తక్కువేమీ కాదు. చిక్కుముడి వేసిన ప్రతివాడూ నేతగాడు కాదు.

ఇక నలుగురిలో చెప్పటం

మా బృందంలో మొదట్లో అందరం ఇలా మాట్లాడేవాళ్ళం: "భాష కవితాత్మకంగా ఉందండీ, కానీ కాస్త అయోమయం. ఓపిక ఉన్నవాళ్ళు తప్పక చదవాలి." ఇందులో పుస్తకం ఎక్కడా లేదు. ఏ పుస్తకానికైనా అతికించొచ్చు. ఇప్పుడు నియమం మార్చుకున్నాం. ఒక్కొక్కరు ఒక్కటే పేజీ తెస్తారు. తాము ఆగిపోయిన పేజీ. దాన్ని గట్టిగా చదివి, ఎందుకు ఆగిపోయారో చెబుతారు. కథాసంగ్రహం చెప్పకూడదు. 'రచయిత ఉద్దేశం' అనే మాట అన్నవాళ్ళు ఆ పూట చాయ్ బిల్లు కట్టాలి.

మొన్న మాలో ఒకావిడ ఒక నవల గురించి చెప్పింది ఇంచుమించు ఆవిడ మాటల్లోనే రాస్తాను: "41వ పేజీలో 'ఆమె' వచ్చింది. భార్య అనుకున్నాను. 58లో తెలిసింది, తల్లి అని. ఆ 17 పేజీలూ తల్లి మాట్లాడే మాటలు భార్య మాటలుగా విన్నాను. ఇంత దెప్పుతుందేం అని ఆమె మీద కోపం వచ్చింది. తల్లి అని తెలిశాక వెనక్కి వెళ్ళి అవే మాటలు చదివితే దెప్పుడు కనిపించలేదు, దిగులే కనిపించింది. మాటలు మారలేదు. నేను మారాను. నాకు ఆ కోపం ఎందుకు వచ్చిందో ఇంటికెళ్ళి ఆలోచించుకోవాలి."

లెక్చరర్ గారు చప్పట్లు కొట్టలేదు గానీ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. మీరు రాసినా ఇలాగే రాయండి. పేజీ నంబరు, అక్కడ మీరేం అనుకున్నారు, ఎక్కడ అది మారింది, మారాక వెనక పేజీలు ఏమయ్యాయి. ఈ నాలుగూ ఉంటే 'గొప్ప నవల' అని వేరే అనక్కర్లేదు. చదివినవాళ్ళకు కావాలంటే వాళ్ళే అనుకుంటారు. అర్థం కానిది మిగిలితే, 'ఇది నాకు తేలలేదు' అని పేజీ నంబరుతో సహా రాసేయండి. అవతల ఎవరికో తేలి ఉంటుంది. మా వాళ్ళలో ఒకరి 'ద'కు జవాబు ఇంకొకరి పేజీలో దొరకటం చాలాసార్లు జరిగింది.

నా ఆబిడ్స్ ప్రతి ఇంకా నా దగ్గరే ఉంది. లెక్చరర్ గారి పుస్తకం నుంచి 113 నుంచి 128 దాకా జిరాక్స్ తీయించి, పిన్ను కొట్టి, రెండో దీపం ఆరిన చోట దూర్చాను. నా నాలుగు పేజీల వ్యాసం కూడా అక్కడే మడిచి ఉంది. ఎవరైనా చదవటానికి అడిగితే అన్నీ కలిపే ఇస్తాను. ఏది ముందు చదువుతారో వాళ్ళిష్టం.